ఒకటి దగ్గర ఆగిన ముల్లు

పెడ్డీ,
మార్చి

నొమఖ్వేజీ అక్కకి,

ఫోను నంబరు మార్చుకున్నావు. కొత్తది నాకు ఇవ్వొద్దని మేనత్త చేత ఒట్టు వేయించుకున్నావట. అందుకే ఈ కాగితం. మా ఊరి టాక్సీ నడిపే ఖాయా తెస్తాడు. అతన్ని తిట్టకు, మధ్యలో అతనేం చేశాడు?

విషయానికి వస్తాను. జూలైలో నాన్నని ఇంటికి పిలిచే పని పెట్టుకున్నాం. పోయి ఏడాది దాటింది, ఆయన ఆత్మ ఇంకా బయటే తిరుగుతోందని పెద్దవాళ్ళు అంటున్నారు. బలి ఇచ్చే ఎద్దు నా బాధ్యత. బీరూ నా బాధ్యతే. నాలుగేళ్ళుగా ఇంట్లో కాస్తున్నాను, ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఈసారి పీపాలో నింపి, గ్యాసు పెట్టి, కుళాయి తిప్పగానే నురగతో వచ్చేలా ఇవ్వాలని ఉంది. ఈస్ట్ లండన్‌లో మా బీరు సంఘం వాళ్ళంతా అలాగే చేస్తారు. స్టీలు పీపా ఉంది, సిలిండర్ ఉంది. రెగ్యులేటర్ లేదు.

నువ్వు పనిచేసేది సిలిండర్లు పరీక్షించే షాపులో. ఏ రెగ్యులేటర్ మంచిదో రెండు ముక్కలు రాసి పంపు. నాకోసం అడగడం లేదు, నాన్న కోసం అడుగుతున్నాను.

లుండి


న్యూ బ్రైటన్, పోర్ట్ ఎలిజబెత్,
మార్చి

లుండికి,

ఖాయాని తిట్టలేదు, టీ ఇచ్చాను. నీ ఉత్తరం అతని ముందే చదివి, అతని ముందే పొయ్యిలో పెట్టబోయాను. మీ బావ వుయానీ ఆపాడు. "మీ నాన్న కోసమని రాశాడుగా, జవాబివ్వు" అన్నాడు. కాబట్టి ఈ జవాబు వుయానీ ఇప్పించినది. నాది కాదు.

అతని కుడిచెయ్యి ఎలా ఉందో నువ్వు అడగలేదు. నేనే చెబుతాను. మూడు వేళ్ళు ముడుచుకోవు. వెల్డింగ్ టార్చి పట్టుకోలేడని పని లోంచి తీసేశారు. ఇప్పుడు ఒక దుకాణాల సముదాయం గేటు దగ్గర కాపలా. చొక్కా గుండీలు నేను పెడతాను.

ఆ చెయ్యి పోయిన క్రిస్మస్‌కి, నీ బీరుకి గ్యాసు పట్టించడానికని నువ్వు అడిగి తీసుకున్నది అతని వెల్డింగ్ రెగ్యులేటర్. దానికి ఒక గాజు గొట్టం, అందులో చిన్న గుండు ఉంటాయి. నిమిషానికి ఎన్ని లీటర్ల గ్యాసు పారుతోందో ఆ గుండు చూపిస్తుంది. పీడనం ఎంతుందో చూపించదు. పారడం ఆగితే గుండు కింద పడుతుంది, లోపల ఒత్తిడి మాత్రం పెరుగుతూ పోతుంది. నువ్వు పడిన గుండుని చూసి "ఏం లేదు, పట్టుకో బావా" అన్నావు. అప్పుడతని చేతిలో ఉన్నది గాజు జాడీ. అది పేలింది.

ఏది కొనాలని అడిగావు. కార్బన్ డయాక్సైడ్ కోసమే చేసినది కొను. ఆక్సిజన్‌దీ, వెల్డింగ్‌దీ, వంటగ్యాసుదీ పనికిరావు. పీడనం చూపించే ముళ్ళు రెండుండాలి, సిలిండర్ వైపు ఒకటి, పీపా వైపు ఒకటి. ప్రెషర్ కుక్కర్‌కి ఉన్నట్టు సేఫ్టీ వాల్వు ఉండాలి. పైపు మొదట్లో నాన్-రిటర్న్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే బీరు వెనక్కి ఎక్కి రెగ్యులేటర్‌ని పాడుచేస్తుంది. వీటిలో ఏది తక్కువైనా కొనకు. అంత వెతికే ఓపిక లేకపోతే కొట్లో సీసాలు తెచ్చి పెట్టు. నాన్న సీసాని ఎప్పుడూ వద్దనలేదు.

నొమఖ్వేజీ


పెడ్డీ,
ఏప్రిల్

అక్కకి,

నీ పాఠం అందింది. నాకు టైర్ల షాపు ఉందని మర్చిపోయినట్టున్నావు. పొద్దున లేచింది మొదలు నా చేతిలో గాలి గొట్టమే. లారీ టైరుకి ఎనిమిది బార్ల గాలి కొట్టి, కాలితో తన్ని చూసి పంపిస్తాను. బీరు పీపాకి కావలసింది ఒక్క బార్. పీడనం అంటే ఏమిటో నువ్వు నాకు చెప్పడం, చేపకి ఈత నేర్పడమే.

బావ సంగతి ఎత్తావు కాబట్టి నేనూ ఎత్తుతాను. రెగ్యులేటర్ ఆయనదే. వెల్డర్ ఆయనే. అప్పటికే తాగి ఉన్నదీ ఆయనే. జాడీని పట్టుకోమన్నాను గాని కౌగిలించుకోమనలేదు. ఇన్ని ఆయనవై, తప్పు ఒక్కటే నాదా?

ఈస్ట్ లండన్‌లో పాతసామాన్ల వాడి దగ్గర ఒక రెగ్యులేటర్ దొరికింది. ఇత్తడిది, బరువైనది, ముళ్ళు రెండూ ఉన్నాయి. చూసుకో, దాన్నీ సిలిండర్నీ పంపుతున్నాను. పాత ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ది, ఎర్రది, గట్టిది. గ్యాసు నింపి పంపు.

టాక్సీలో దాన్ని చూసి పెద్దావిడ ఒకావిడ దిగిపోబోయిందట. "ఇది పేల్తే మా గతేంటి నాయనా?" అంటే ఖాయా, "పేల్తే చార్జీ వాపసిస్తాలే అవ్వా, కూచో" అన్నాడట. అతనికున్న ధైర్యం మా ఇంట్లో వాళ్ళకి లేదు.

లుండి


న్యూ బ్రైటన్,
మే

లుండికి,

నీ సామాను పరీక్షించాను. ఇవి ఫలితాలు.

రెగ్యులేటర్‌ని ఒక బార్‌కి పెట్టి, బయటికి పోయే దారి మూసి, పక్కన కూర్చుని టీ తాగాను. కప్పు ఖాళీ అయ్యేసరికి ముల్లు మూడు దాటి పైకి పోతోంది. లోపల గ్యాసుని ఆపే సీటు అరిగిపోయింది. సేఫ్టీ వాల్వు ఉంది గాని, దాని రంధ్రంలో ఎవరో సీసం కరిగించి పోశారు. కారుతోందని విసుగొచ్చి పోసి ఉంటారు. కారడమే దాని పని.

సిలిండర్ మీద చెక్కిన పరీక్ష తేదీ గడువు నువ్వు పెళ్ళి చేసుకోకముందే దాటిపోయింది. లోపల అడుగుదాకా ఒక గొట్టం ఉంది. మంట ఆర్పే సిలిండర్లకి అది ఉంటుంది. అది ఉంటే, నిలబెట్టినా పైకి వచ్చేది గ్యాసు కాదు, ద్రవం. ఏ రెగ్యులేటరూ ద్రవానికి తట్టుకోదు. ఆ పైన నీళ్ళు నింపి ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో పరీక్ష చేశాం. అందులో తప్పింది.

తప్పిన సిలిండర్‌ని ఇంకెవరూ నింపకుండా డ్రిల్లుతో రంధ్రం వేసి పంపాలని నియమం. మా యజమాని ఆ పని వేరేవాళ్ళకి అప్పగించబోతే, అడిగి నేను తీసుకున్నాను. రంధ్రం నా చేత్తో నేనే వేశాను. తృప్తిగా ఉంది.

సిలిండర్ ఖాయాతో పంపుతున్నాను, పూలకుండీగా వాడుకో. రెగ్యులేటర్ పంపను. అది నా సొరుగులో ఉంటుంది.

నొమఖ్వేజీ


పెడ్డీ,
మే

శ్రీమతి మఖాలిమా గారికి,

ఇకనుంచి మీ అత్తవారి ఇంటిపేరుతోనే పిలుస్తాను. మా ఇంటి మనిషైతే ఈ పని చేసి ఉండదు.

రంధ్రం వేసిన సిలిండర్ని ఖాయా నా షాపు ముందు దించాడు. నలుగురు కస్టమర్లు ఉన్నారు. ఒకడు రంధ్రంలో వేలు పెట్టి, "ఏం లుండీ, దీనికి పంచరు వెయ్యమని ఎవరు పంపారు?" అన్నాడు. రోజంతా అదే జోకు. మీకు కావలసింది అదేగా.

నా వస్తువు మీ సొరుగులో పెట్టుకోవడాన్ని మా ఊళ్ళో దొంగతనం అంటారు. పోర్ట్ ఎలిజబెత్‌లో ఏమంటారో తెలియదు. మేనత్తకి చెప్పాను. బాబాయికి చెప్పాను. నాన్నని పిలిచే రోజున మీరు ఈ గడప తొక్కాల్సిన పనిలేదు. నాన్న చెవిలో మీ పేరు ఎవరూ వెయ్యరు. ఈ ఇంటికి పెద్దకొడుకుని నేను, ఇప్పుడు నా మాటే మాట.

పాతసామాన్ల వాడి దగ్గర ఇంకో రెగ్యులేటర్ ఉంది. ఆక్సిజన్‌దట. దానికీ ముల్లు ఉంటుంది.

లుండి


న్యూ బ్రైటన్,
జూన్

టైర్ల షాపు యజమాని గారికి,

గడప తొక్కొద్దన్నారు, తొక్కను. నాన్నకి నా పేరు వినబడదని బెదిరించారు. ఆయన పోయే ముందు చివరి మూడు వారాలూ పిలిచింది ఆ పేరే. మీరప్పుడు బీరు సంఘం పోటీలో ఉన్నారు.

ఈ పొట్లంలో కొత్త రెగ్యులేటర్ ఉంది. మీకోసం కాదు. పీపా పక్కన పీట వేసుకుని కూర్చునేది మేనత్త అని నాకు తెలుసు. ఆవిడ ముఖానికి మూరెడు దూరంలో ఆక్సిజన్ రెగ్యులేటర్ ఉంటే నాకు నిద్ర పట్టదు.

రెండు ముళ్ళూ ఉన్నాయి. సేఫ్టీ వాల్వు నేనే ఊది చూశాను. నాన్-రిటర్న్ వాల్వు పైపు మొదట్లో బిగించే ఉంది, దాన్ని విప్పొద్దు. సిలిండర్ కొనకండి, ఈస్ట్ లండన్ గ్యాసు డిపోలో పరీక్ష అయినది అద్దెకి ఇస్తారు. నిలబెట్టి గొలుసుతో కట్టండి, పడుకోబెట్టొద్దు. రెగ్యులేటర్ మీది మర ముందు వదులుగా తిప్పి ఉంచి, సిలిండర్ మెల్లగా తెరిచి, తర్వాత ఒక బార్ దాకా బిగించండి. బిగించాక పీపా వైపు ముల్లుని చూస్తూ ఉండండి. అది ఒకటి దగ్గర ఉన్నంతసేపు ఎవరికీ ఏమీ కాదు.

థాంక్స్ చెప్పొద్దు. చెప్పరని తెలుసు, అయినా రాస్తున్నాను.

నొమఖ్వేజీ మఖాలిమా


పెడ్డీ,
జూలై, శుక్రవారం పొద్దున

శ్రీమతి మఖాలిమా గారికి,

థాంక్స్ చెప్పడం లేదు. రేపే నాన్న పని. మీరు రారు కాబట్టి ఏం పోగొట్టుకుంటున్నారో రాసి పంపుతున్నాను.

పీపా నిన్న పొద్దున్నే నింపేశాం. నేను కాసే లాగర్ బీరు అనుకుని ఉంటారు. లాగర్ ఇస్తే బాబాయి, "ఇది తెల్లోడి నీళ్ళు, మీ నాన్నకి వీటితో పళ్ళు కూడా తడవవు" అంటాడని నాకు తెలీదా? పీపాలో ఉన్నది మేనత్త చేసిన జొన్న బీరు, మన ఉమ్కొంబోతి. మొలకెత్తిన జొన్నలు, మొక్కజొన్న పిండి, అంతా ఆవిడ చెయ్యే. ఉమ్కొంబోతిని కుళాయిలోంచి ఇచ్చినవాడు ఈ జిల్లాలో నాకు ముందు ఎవడూ లేడు. సంఘం వాళ్ళకి కూడా చెప్పలేదు, ఫోటోలు చూపించి నోళ్ళు మూయిస్తాను. మేనత్త మొదట నసిగింది. కుళాయి అయితే లేచి వంగి ముంచి పొయ్యక్కర్లేదని చెప్పేసరికి, మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చి ఒప్పుకుంది. పీపాలో పట్టనిది డ్రమ్ములో ఉంచింది.

వడగట్టేటప్పటికే బుసబుసా పొంగుతోంది, అంత మంచి బీరు. మూత గట్టిగా బిగించాం. ఈ జూలై చలికి పులుపు చచ్చిపోకుండా పీపాకి రెండు దుప్పట్లు చుట్టి పొయ్యి పక్కన పెట్టాం. మీ రెగ్యులేటర్ ఒక బార్‌కి పెట్టాను. నిన్నటినుంచీ ముల్లు వెంట్రుకంత కూడా కదల్లేదు. పొద్దున మూత మీద గ్యాసు వదిలే రింగు లాగి చూశాను. బుస్సుమని కూడా అనలేదు. అంత బిగువుగా ఉంది.

చూశారా? భూమి బద్దలవలేదు.

లుండి


న్యూ బ్రైటన్,
శుక్రవారం

లుండీ,

ఫోన్ చేస్తే నా గొంతు విని కట్ చేశావు. మళ్ళీ చేస్తే స్విచాఫ్. పనులున్నప్పుడు మేనత్త ఫోను బీరువాలో పెట్టేస్తుంది. ఖాయా ఈ కాగితం తీసుకుని తెల్లారేసరికి వస్తాడు. నీ చేతికి కాదు, చదవడం వచ్చిన ఎవరికైనా ఇవ్వమన్నాను.

ముల్లుని చూడకు. అది చెప్పేది రెగ్యులేటర్ సంగతి. పీపా సంగతి కాదు.

లాగర్ పులియడం అయిపోయాక పీపాలోకి వెళ్తుంది. జొన్న బీరు పులుస్తూనే తాగేది. మూత వేశాక కూడా అది గ్యాసు పుట్టిస్తూనే ఉంటుంది, నువ్వు దుప్పట్లు కప్పి ఇంకా పుట్టించావు. ఆ గ్యాసు వెనక్కి రాకుండా నాన్-రిటర్న్ వాల్వు ఆపుతోంది. అందుకే ముల్లు కదల్లేదు. అందుకే రెగ్యులేటర్ సేఫ్టీ వాల్వు ఎందుకూ పనికిరాదు. మూత రింగు లాగితే చప్పుడు రాలేదంటే అది బిగువు కాదురా మూర్ఖుడా. మంచి పీపా అయినా బుస్సుమనాలి. జొన్న పిప్పి ఆ రంధ్రాన్ని మూసేసింది.

కుళాయి కూడా పిప్పితో పూడుకుపోతుంది. అప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలుసు. సిలిండర్ మూసేసి, రెగ్యులేటర్‌లో మిగిలిన గ్యాసు వదిలేస్తావు. ముల్లు సున్నాకి వస్తుంది. ఖాళీ అయింది కదా అని స్పానరు పట్టుకుని, పీపా మీదికి వంగి, పైనున్న నట్టు విప్పుతావు. ఆ నట్టు నీ కంట్లోంచి వెళ్తుంది.

స్పానరు కింద పెట్టు. దుప్పట్లు తియ్యి. పీపాని ఇద్దరు మెల్లగా పశువుల దొడ్డి గోడ అవతలికి మొయ్యండి, దొర్లించొద్దు. మనుషుల్ని, ముఖ్యంగా మేనత్తని, దూరంగా పంపు. గ్యాసు పైపుని ముందు పీపా నుంచి, తర్వాత రెగ్యులేటర్ నుంచి విప్పి, నాన్-రిటర్న్ వాల్వు లేకుండా, ఆ చివర బకెట్లో పెట్టి గట్టిగా కట్టు. తర్వాత ఈ చివర పీపాకి తగిలించు. ముఖం పక్కకి పెట్టుకో. పోయేదంతా పోనీ.

లారీ టైరులో గాలి ఎంతుందో తెలుసుకోవాలంటే కంప్రెసర్ దగ్గర చూస్తావా, టైరు దగ్గర చూస్తావా?

నొమఖ్వేజీ


పెడ్డీ,
జూలై

అక్కా,

ఏం జరిగిందో ఊరంతా చెబుతోంది, నావైపునుంచి కూడా విను.

శనివారం పొద్దున మగవాళ్ళంతా దొడ్డిలో ఉన్నారు. కుళాయి మొదటి మగ్గు తుప్పర్లతో ఇచ్చి, దగ్గి, ఆగిపోయింది. సిలిండర్ మూసేసి, రెగ్యులేటర్‌లో మిగిలిన గ్యాసు వదిలేశాను. ముల్లు సున్నాకి వచ్చింది. స్పానరు తీసుకున్నాను. అప్పుడే గేటు దగ్గర ఖాయా హారన్.

"లుండీ, ఉత్తరం!"

"పనిలో ఉన్నా, అక్కడ పెట్టు."

"పెట్టనయ్యా. నీ చేతికివ్వొద్దంది. చదవడమొచ్చినోళ్ళకి ఇమ్మంది."

బాబాయి, "అయితే నువ్వే చదవరా, నీకొచ్చుగా" అన్నాడు. ఖాయా దొడ్డి గోడెక్కి చదివాడు. చర్చిలో చదివినట్టు, ఒక్క ముక్క వదలకుండా. 'మూర్ఖుడా' దగ్గర ఆగి నావైపు చూసి, మళ్ళీ చదివాడు. స్పానరు మాట రాగానే అందరూ నా చెయ్యి చూశారు. అప్పటికే నట్టు మీద ఉంది.

నువ్వు చెప్పినట్టే చేశాను, ఒక్కటి తప్ప. బకెట్లో పెట్టే ముందు ఆ పైపు చివర నా లారీ టైరు గేజు బిగించి, పీపాకి తగిలించాను. ఆరు బార్లు దాటింది. తీసేసి బకెట్‌కి పెట్టాను. బకెట్ గోడ మీదుగా లేచిపోయింది. బాబాయి కోటు, టోపీ, గడ్డం, అన్నీ జొన్న గంజే. ఆయన మీసం నాకి, "జీతాల రోజు మీ నాన్న ఇంటికి ఇట్టానే వచ్చేవోడు" అన్నాడు.

నవ్వులు ఆగాక ఆయనే అడిగాడు: "ఇన్ని తిట్లు తిట్టిన పిల్ల ఏదిరా?"

మేనత్త చెప్పింది: "రావద్దన్నాడు వీడు."

"ఆడబిడ్డని గేటు బయట నిలబెట్టి తండ్రిని లోపలికి రమ్మంటే, ఏ తండ్రొస్తాడ్రా?" అని ఎద్దు తాడు ఆయనే విప్పేశాడు. డ్రమ్ములో ఉన్న బీరు తాగి, రొట్టె తిని, అందరూ వెళ్ళిపోయారు. నాన్న ఇంకా బయటే ఉన్నాడు. ఎద్దు ఇంకా మేస్తోంది.

ఇక నా మాట. నాన్-రిటర్న్ వాల్వు విప్పొద్దని రాసింది నువ్వు. ముల్లు ఒకటి దగ్గర ఉన్నంతసేపు ఎవరికీ ఏమీ కాదని రాసిందీ నువ్వే. ఆ కాగితం నా దగ్గరుంది. ఆ వాల్వు లేకపోతే ముల్లు లేచేది, నేను చూసేవాణ్ణి. నీ అంత చదువులోనూ జొన్న బీరు లేదు.

సెప్టెంబరు చివరి శనివారం మళ్ళీ పెట్టారు. నిన్ను రమ్మని బాబాయి చెప్పమన్నాడు. నేను పిలవడం లేదు. ఆయన పిలిచాడని చెబుతున్నాను.

లుండి


న్యూ బ్రైటన్,
ఆగస్టు

లుండికి,

వాల్వు సంగతి నువ్వన్నది నిజం. మా షాపుకి వచ్చేవేవీ వాటంతటవి గ్యాసు పుట్టించవు. పీపాలో ఏముందో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉండాలి. ఇంతకుమించి నా దగ్గర ఆశించకు.

రెగ్యులేటర్ నీ లాగర్‌కి ఉంచుకో, దానికి అది సరైనదే. పీపా మూతకి విడిగా ఒక గేజు పెట్టించు. జొన్న బీరుకి మాత్రం మూత వద్దు, రెగ్యులేటరూ వద్దు. మేనత్త మోకాళ్ళు నొప్పెడితే లేచి ముంచి పొయ్యడానికి నేనుంటాను.

బాబాయితో చెప్పు, వస్తున్నామని. వస్తున్నది నేనొక్కదాన్నే కాదు, ఇద్దరం. దొడ్డిలో అల్లుడికి మొదటి మగ్గు ఇంటి పెద్దకొడుకే ఇవ్వాలి. పెద్దకొడుకుని నేనేనని నువ్వే రాశావు, కాబట్టి ఇవ్వాల్సింది నువ్వు.

మన పెద్దవాళ్ళ ముందు మగ్గుని ఎడమచేత్తో అందుకున్నవాణ్ణి ఇంతవరకు ఎవరూ ఊరికే వదల్లేదు. వుయానీ ఎడమచేత్తోనే అందుకుంటాడు. ఎందుకని బాబాయి అడుగుతాడు. మేమిద్దరం నోరు విప్పం. జవాబు నువ్వు చెప్పు.

నొమఖ్వేజీ